చూడదగ్గ ప్రదేశాల్లో నాలుగోది

రిసార్టు రిసెప్షన్లో గోడకి ఒక నల్లబోర్డు ఉండేది. దాని మీద తెల్ల పెయింటుతో, గుండ్రటి అక్షరాలతో, చుట్టుపక్కల చూడదగ్గ ప్రదేశాలు రాసి ఉండేవి. ఒకటి, తేలినీలాపురం వలస పక్షులు. రెండు, బారువ బీచ్. మూడు, కవిటి కొబ్బరి తోటలు. నాలుగు, మత్స్యకారుల వల లాగుడు.

ఆ నాలుగోది మా నాన్న.

రాసింది ఎవరో అయితే ఈపాటికి వాళ్లని నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. రాసింది నేనే. అక్షరం బాగుంటుందని నా చేతే రాయించారు. ఒంపు తిరిగిన 'ల' దగ్గర ఇంకోసారి బ్రష్షు ముంచి మరీ దిద్దాను. ఇప్పటికీ ఆ బోర్డు గుర్తొస్తే ఒళ్లు మండిపోతుంది.

మా ఊరు సన్నరేవు. కవిటిలో ఆటో ఎక్కితే కొబ్బరి తోటల మధ్య నుంచి అరగంట. తోటలు దాటాక సరుగుడు తోపు, తోపు దాటాక ఇసక, ఆపైన సముద్రం. నిరుడు కార్తీకానికి ముందు ఆ సరుగుడు తోపులో రిసార్టు లేచింది. పన్నెండు గదులు, ఈత తొట్టి, తాటాకుతో ఒక పెద్ద పాక. రంగుల కాగితం మీద 'శ్రీకాకుళం కరీబియన్' అని అచ్చేసి పలాస స్టేషన్ నుంచి టెక్కలి బస్టాండు దాకా పంచారు. కరీబియన్ అంటే ఏమిటో నాకు తెలీక ఫోన్లో చూశాను. కొబ్బరి చెట్లు, ఇసక, నీలం నీళ్లు, కుర్చీల్లో పడుకున్న దొరలు. బాగుందనుకున్నాను. అక్కడి జాలర్లు ఏ బోర్డు మీద ఎన్నో నంబరో అనే ఆలోచన ఆ రోజు నాకు రాలేదు.

నేను టెక్కలిలో డిగ్రీ చదివి రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాను. ఇచ్ఛాపురంలో పిన్ని దగ్గర పెరిగినప్పుడు ఒడియా వచ్చింది, టీవీ చూసి హిందీ వచ్చింది, కాలేజీ పుణ్యాన ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు వచ్చింది. మేనేజరు దిలీప్‌కి అలాంటి మనిషే కావాలి. ఆయనది విశాఖపట్నం. తెల్ల చొక్కా, నవ్వు మొహం, ఎవరితోనైనా మెత్తగా మాట్లాడే మనిషి. మొదటి రోజే కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగాడు.

"చెప్పు సుధా, మా గెస్టులు ఇక్కడికొచ్చి ఏం చూడాలి?"

వేళ్లు ముడిచి లెక్కపెట్టాను. పక్షులు, బీచ్, తోటలు. మూడో వేలు దగ్గర ఆగిపోయాను. మా వైపు చూడటానికేముంది? మేం పుట్టినప్పటి నుంచీ ఉన్నవే కదా అన్నీ.

"ఇంకొక్కటి. నాలుగుంటే ప్యాకేజీ నిండుగా ఉంటుంది."

"మా నాన్న వల ఉంది సార్," అన్నాను.

ఆ సాయంత్రం ఈ మాట చెబితే నాన్న వల కుట్టుకుంటున్నవాడు కాస్తా సూది పక్కన పెట్టి పకపకా నవ్వాడు. ఆయన పేరు తవిటయ్య. అరవై దాటినా తాడు పట్టుకుంటే పడుచువాడే.

"నన్ను సూడ్డానికి రైలెక్కి వత్తారేటే? మీ యమ్మ ముప్పయ్యేళ్ల బట్టి సూత్తంది, దానికే మొహం మొత్తీసింది!"

"ఏటి సూత్తారమ్మా, సిరిగిపోయిన లుంగీ సూత్తారా?" అంది మా అమ్మ జోగమ్మ పొయ్యి దగ్గర నుంచి.

"రానీయే. గుంట ఉద్యోగం సేత్తంది. దాని సుట్టాలంటే మన సుట్టాలు కారేటి?"

నవ్వనివాడు మా అన్న శ్రీను ఒక్కడే. గుజరాత్ పోయి పడవల మీద పని చూసుకుంటానని అప్పటికే రోజూ అంటున్నాడు.

మాది అలివి వల. ఒడ్డు నుంచి లాగే పెద్ద వల. తెల్లారకుండా తెప్ప మీద వలని సముద్రంలోకి తీసుకెళ్లి, వంపుగా వదిలి, రెండు తాళ్ల కొసలు ఒడ్డుకి తెస్తారు. రెండు జట్లు రెండు తాళ్లూ పట్టుకుని గంటా రెండు గంటలు వెనక్కి నడుస్తూ లాగుతారు. ఈ వలకి మా తాతల నాటి నుంచి మూడు కట్టుబాట్లున్నాయి. తాడు మీద చెయ్యి వేసినవాడికి వాటా పెట్టకుండా పంపకూడదు, వాడు ఎవరైనా సరే. బడి మాస్టారు, దారినపోయే సన్యాసి, ఎవరైనా. రెండోది, వాటా తిన్నవాడికి మాట ఉంటుంది. వల ఎక్కడ దించాలి, ఎప్పుడు ఆపాలి అనేది తాడు మీద ఉన్నవాళ్లందరూ కూర్చుని తేలుస్తారు. పెద్దా చిన్నా లేదు. మూడోది, వాటాని నేలపాలు చేసినవాడు ఆ యేడు తాడు ముట్టుకోకూడదు, మాటా ఉండదు. నా చిన్నప్పుడు అప్పలస్వామి మావ తాగి, కోపంలో తన వాటా చేపల్ని బుట్టతో సహా గెడ్డ వాగులోకి విసిరేశాడు. మర్నాడు కాళ్లూ గడ్డం పట్టుకున్నా ఎవరూ తాడు అందనివ్వలేదు. ఏడాది పొడుగునా ఒడ్డున కూర్చుని చూశాడు పాపం.

మొదటి జట్టు నవంబరులో వచ్చింది. పొద్దున తేలినీలాపురం తీసుకెళ్లాను. చింతచెట్ల నిండా కొంగలు, గూడబాతులు, వాటి పిల్లల గోల. ఆ ఊరివాళ్లు వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారని చెబితే "సో స్వీట్" అన్నారు. మధ్యాహ్నం కవిటి తోటలో కొబ్బరి బొండాలు తాగుతూ ఒకాయన నన్ను పక్కకి పిలిచాడు.

"ఇదే కదా కిడ్నీ ఏరియా? పేషెంట్లు ఎక్కడుంటారు? ఒకరిద్దర్ని చూపించగలవా? మేం వీడియో తీసుకుంటాం, అంతే."

పెద్దతల్లి అని మా మేనత్త ఉంది, వారానికి మూడుసార్లు పలాస వెళ్లి రక్తం కడిగించుకుని వస్తుంది. వచ్చిన రోజు గోడకి ఆనుకుని కూర్చుని ఎవరితోనూ మాట్లాడదు. ఆమెని ఈయనకి అయిదో నంబరుగా చూపించాలన్నమాట. "టైమ్ లేదు సార్, సూర్యాస్తమయం మిస్సవుతారు," అన్నాను. మాది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలో మునగడు. ఆ సంగతి కూడా ఆయనకి తట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వల దగ్గరికి తీసుకెళ్లాను. నాన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వల లాగేటప్పుడు ఆయన చొక్కా వేసుకోగా నేను చూడ్డం అదే మొదలు. గెస్టులు తాడు పట్టుకున్నారు, కేకలు పెట్టారు, ఒకళ్లనొకళ్లు ఫోటోలు తీసుకున్నారు, అయిదు నిమిషాల్లో వదిలేసి కుర్చీల్లో కూర్చున్నారు. దిలీప్ కూడా ప్యాంటు పైకి మడిచి తాడు పట్టుకున్నాడు. నేను పక్కన నిలబడి మా కట్టుబాట్లు హిందీలో గొప్పగా చెప్పాను. చెయ్యి వేసినవాడికి వాటా, వాటా తిన్నవాడికి మాట. మూడోది మాత్రం చెప్పలేదు. కొత్తవాళ్లు నొచ్చుకుంటారేమోనని. దిలీప్ అన్నీ శ్రద్ధగా విన్నాడు. నేను మురిసిపోయాను.

వల ఒడ్డెక్కాక, వల పెద్ద కాబట్టి, నాన్న వాటాలు పోశాడు. గెస్టులకీ, దిలీప్‌కీ, రిసార్టు నుంచి వచ్చి నవ్వుతూ తాడు తాకిన సిబ్బందికీ, అందరికీ.

"ఫోటోకి పట్టుకున్నోడికి వాటా ఏటి నాన్నా?" అన్నాడు అన్న, అందరి ముందూ.

"సెయ్యి పడిందా, లేదా?"

"వల గట్టెక్కినాదాకా ఉన్నారేటి?"

"సుట్టాల్రా. సేతనైనంత లాగినారు. నువ్వూరుకో," అని నాన్న ఒక్కొక్క గెస్టు దగ్గరికీ వెళ్లి రెండు చేతులతో చేపలు అందించాడు. అందుకున్న ప్రతివాళ్లనీ ఒకటే అడిగాడు. "వండుకుంటారా బాబూ?"

వాళ్లకి అర్థం కాలేదు. నవ్వి తలూపారు.

ఆ సాయంత్రం రిసార్టు వంటగది వెనక్కి వెళ్తే కుక్కలు కాట్లాడుకుంటున్నాయి. సరుగుడు ఆకుల మీద కవళ్లు, కానాగంతలు, పొద్దున మా నాన్న చేతుల్లోంచి వెళ్లినవి, కవర్లతో సహా పడున్నాయి. కాకులు కళ్లు పొడుచుకు తింటున్నాయి. వంట చేసే భాను గిన్నె కడుగుతూ నన్ను చూసి తల దించుకుంది.

"సార్ పారెయ్యమన్నారమ్మా. గెస్టులకి ముల్లు పడదంట. మనకి వైజాగ్ నుంచి పెట్టె వత్తాది కదా, ముక్కలు కోసి, అయిసేసి."

"మరి మెనూలో 'ఈ రోజు పట్టిన చేప' అని రాస్తున్నారు?"

"అదీ పెట్టెలోదేనమ్మా."

"దిలీప్ సార్ వాటా?"

"ఆయన సేపే తినరు."

అప్పుడే దిలీప్ దగ్గరికెళ్లి అడగాల్సింది. అడగలేదు. మొదటి నెల జీతం కూడా ఇంకా చేతికి రాలేదు. ఇంటికెళ్లేసరికి నాన్న గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు.

"ఏటన్నారే? వండుకున్నారా?"

"లొట్టలేసుకుని తిన్నారు నాన్నా."

నోట్లోంచి ఎంత సునాయాసంగా వచ్చిందో ఆ అబద్ధం! నాన్న మొహం చూస్తే వెనక్కి తీసుకోవాలనిపించలేదు. మర్నాడూ అడిగాడు, మర్నాడూ చెప్పాను. పులుసులో మామిడికాయ వేశారన్నాను. ఒక కలకత్తా ఆవిడ తల ముక్క కోసం మొగుడితో పోట్లాడిందన్నాను. చెబుతుంటే నాకే రుచిగా ఉండేది. దాంతో నాన్న ఏం చేశాడంటే, మంచి చేపలు ఏరి వాళ్లకి పెట్టడం మొదలెట్టాడు. చేతి పొడుగు కానాగంతలు వాళ్ల కవర్లలోకి వెళ్లేవి, మా బుట్టలోకి వేలెడంత నెత్తళ్లు వచ్చేవి. ఆ చలికాలమంతా మా ఇంట్లో నెత్తళ్ల కూర, రిసార్టు కుక్కలకి కానాగంతలు. ఇదీ నేను చేసిన ఉద్యోగం.

డిసెంబరు ఆఖర్లో దిలీప్ ఇంకో మెత్తటి మాట అన్నాడు. "సుధా, మన గెస్టులు ఆరింటికి లేవలేరు. మీ నాన్నగారి ప్రోగ్రాం తొమ్మిదికి పెట్టించు."

ప్రోగ్రాం అట.

వల వేసే వేళని చేప చెబుతుంది గానీ మనిషి చెప్పడు. ఆ మాట నాకు తెలుసు. తెలిసీ ఇంటికెళ్లి అడిగాను. నాన్న కుడుతున్న వల పక్కకి జరిపాడు.

"ఒక్కరోజేనా?" అన్నాడు.

"ఒక్కరోజే. కొత్త సంవత్సరం గుంపు నాన్నా, పెద్దవాళ్లు."

తొమ్మిదింటికి వేశారు. అప్పటికే గుంపు చేప దాటిపోయింది. ఇరవై రెండు మంది రెండు గంటలు లాగితే వల సంచిలో పీతలు నాలుగు, ప్లాస్టిక్ సీసాలు, ఒక చెప్పు వచ్చాయి. గెస్టులు ఆ చెప్పుతో ఫోటో తీసుకున్నారు. నాన్న వాళ్ల దగ్గరికెళ్లి చేతులు జోడించి, "ఈయేల సముద్రం ఏటీ ఇయ్యలేదు బాబూ, ఏటనుకోకండి," అన్నాడు. క్షమాపణ చెప్పాడు! వాళ్లకి! అన్న తాడు నేలకేసి కొట్టి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇంకేటి మిగిలిందే? రేపు అమ్మకి కొత్త సీర కట్టించి నాట్యం సెయ్యమంటావేటి?"

నేను కూడా గట్టిగానే అరిచాను. మగవాళ్లు గుజరాత్ వెళ్లి ఎవరి పడవల మీదో కూలి చేస్తే తప్పు లేదు గానీ ఆడపిల్ల ఊళ్లో ఉద్యోగం చేస్తే ఏడుపెందుకు అన్నాను. తప్పు చేసినవాళ్లే గొంతు ఎక్కువ పెంచుతారు. ఆ రోజు ఊళ్లో అందరికన్నా నా గొంతే పెద్దది.

ఫిబ్రవరి మొదటి వారంలో తుఫాను షెల్టరులో మీటింగు పెట్టారు. పలాస నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. ఉత్తరాది మనిషి, చిన్న వయసు, తెలుగు ఇంకా నేర్చుకుంటోంది. దిలీప్ నన్ను తర్జుమా చెయ్యడానికి తీసుకెళ్లి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎదురుగా కింద చాపల మీద మా ఊరు.

విషయం ఏమిటో నాకూ అక్కడే తెలిసింది. సరుగుడు తోపు నుంచి గెడ్డ సముద్రంలో కలిసే మొగ దాకా ఒడ్డుకి కంచె వేసి, గెస్టులు ఈత కొట్టే చోటుగా చెయ్యాలని రిసార్టు అర్జీ పెట్టుకుంది. వల లాగేది సరిగ్గా అక్కడే. వలని ఉత్తరాన రాళ్ల దగ్గరికి మార్చుకోవాలి. రాళ్ల మీద అలివి వల లాగితే మొదటి రోజే పేలికలైపోతుంది. ఆ కంచె పడితే వల లేదు. వల లేకపోతే ఆ ఇరవై రెండు ఇళ్లూ గుజరాత్ రైలెక్కాలి.

ఆఫీసరమ్మ కాగితం చూస్తూ హిందీలో అంది. "ఇక్కడ వల లాగేవాళ్లు యాభై ముగ్గురని ఉంది. అందులో ముప్పై ఒక్కరు సరేనని సంతకాలు పెట్టారు."

నేను తెలుగులో చెప్పాను. చాపల మీద గోల లేచింది. మేం ఇరవై రెండు మందిమే, మాలో ఒక్కడూ సంతకం పెట్టలేదు అని అందరూ ఒకేసారి అరిచారు. దిలీప్ లేచి నిలబడ్డాడు. అదే నవ్వు, అదే మెత్తటి గొంతు.

"మేడమ్, ఆ ముప్పై ఒక్కరిలో నేనొకణ్ని. మిగతావాళ్లు మా స్టాఫ్. మూడు నెలల నుంచి మేం రోజూ తాడు పట్టుకుంటున్నాం. ఇవిగో ఫోటోలు. ఈ ఊరి పద్ధతి ప్రకారం తాడు పట్టి వాటా తీసుకున్న ప్రతివాడికీ మాట ఉంటుంది. మా సుధే చెప్పింది. కావాలంటే వల పెద్దని అడగండి."

మా సుధే చెప్పింది. ఆ మాటతో షెల్టరులో ఉన్న మొహాలన్నీ నా వైపు తిరిగాయి. అన్న మాత్రం తిరగలేదు. నేల వైపే చూస్తున్నాడు.

రోజూ నేను చిలకలా హిందీలో వల్లించినదాన్ని ఈ మనిషి విని, దాచుకుని, ఇవాళ మా మీదికే తెచ్చాడు. మర్యాదకి పెట్టిన చేపని హక్కుగా చేసుకున్నాడు. ఆ నవ్వు మొహం మీద ఏదైనా తీసి కొట్టాలనిపించింది. చేతిలో ఏమీ లేదు, పెన్ను తప్ప.

ఆఫీసరమ్మ నాన్నని అడగమంది. అడిగాను. మా నాన్నని నేనే, పరాయిదానిలా.

"వీళ్లకి వాటా ఇచ్చారా?"

నాన్న లేచాడు. లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. పక్కనున్న అప్పలస్వామి మావ ఆయన లుంగీ పట్టుకు గుంజాడు కూడా, లేదను లేదను అని. కానీ తాడు మాట దగ్గర అబద్ధమాడటం ఆయనకి చేతకాదు.

"ఇచ్చినామమ్మా. రోజూ ఇచ్చినాం. నా సేతుల్తోనే."

"అయితే మాట ఉన్నట్టేనా?" ఆఫీసరమ్మ ప్రశ్న, నా గొంతు.

ఏం జరిగిందో నాన్నకి అప్పుడు అర్థమైంది. కూతురు తెచ్చిన చుట్టాలని పిలిచి వాటా పెట్టి, తన ఒడ్డుని తనే వాళ్ల చేతిలో పెట్టాడు. ఆయన అలా నిలబడి ఉండగా నేను లేచాను.

"నాన్నా, ఆళ్లు వండుకోలేదు," అన్నాను.

"ఏటి?"

"ఏ రోజూ వండుకోలేదు. వంటగది వెనక పారేసినారు. మొదటి రోజు కాడి నుంచీ. కుక్కలు తిన్నాయి, కాకులు తిన్నాయి. ఆ దిలీప్ సారు సేపే తినడు."

"మరి నువ్వు..."

"నాను అబద్ధం సెప్పినాను."

మా అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు కళ్లారా సూసినావా?" అన్నాడు నాన్న.

"సూసినాను."

"ఎన్నిసార్లు?"

"రోజూ."

ఆయన నా వైపు ఒక్క క్షణం చూశాడు. మూడు నెలలు గుమ్మంలో కూర్చుని నా కోసం ఎదురుచూసిన చూపు కాదది. తర్వాత ఆఫీసరమ్మ వైపు తిరిగి, దండం పెట్టి, "అయితే ఆళ్లు మా తాడోళ్లు కారమ్మా," అని చాప మీద కూర్చున్నాడు.

నేను అది హిందీలో చెప్పాను. మూడో కట్టుబాటు కూడా చెప్పాను, ఇన్నాళ్లూ మింగేసినది. దిలీప్ మొహంలో నవ్వు మొదటిసారి జారింది.

"మాకిచ్చిన చేపతో మేం ఏం చేసుకుంటే వీళ్లకేంటి మేడమ్? ఇది ఎక్కడైనా రూలా?"

అప్పలస్వామి మావ దిగ్గున లేచాడు. "రూలు కాదేటి? నన్నొక యేడు కూకోబెట్టినారు బాబూ! ఒక్క బుట్టకి! నా పెళ్లాం సీతారత్నాన్నడుగు, ఆ యేడు ఇంట్లో నా మొహం ఎలాగుండీదో! నువ్వు మూడ్నెల్లు పారేసినావు. నీకు ముప్పయ్యేళ్లెయ్యాలి!"

మా అమ్మ ఇక ఆగలేదు. "మేము నెత్తళ్లు తిన్నాం కదరా! నా మొగుడు ఏరి ఏరి పెట్టినాడు కదరా మీకు!" అని దిలీప్ మీదికి వెళ్తుంటే ఆడవాళ్లు నలుగురు పట్టుకున్నారు. ఆ పట్టుకున్నవాళ్లూ తిడుతూనే పట్టుకున్నారు. ఆఫీసరమ్మ భానుని పిలిపించి అడిగింది. భాను దిలీప్ వైపు చూడకుండా, "నిజమేనమ్మా," అంది. ఆ ఒక్క మాటకి నాతో పాటు ఆమె ఉద్యోగమూ పోయింది. ఆఫీసరమ్మ కాగితం మీద ఏదో అడ్డంగా రాసి ఫైలు మూసేసింది. మత్స్యకారుల జాబితా తానే కొత్తగా తీయిస్తాననీ, అప్పటిదాకా ఒక్క కర్ర కూడా పాతకూడదనీ చెప్పింది. ఆ ఫైలు ఇప్పటికీ ఎక్కడో ఉంది. మళ్లీ లేస్తుందని మాకు తెలుసు.

నేను షెల్టరు నుంచి నేరుగా రిసార్టుకి వెళ్లాను. చాకు తీసుకుని బోర్డు ముందు నిలబడి నాలుగో వరస గీకడం మొదలెట్టాను. గుండ్రటి అక్షరాలు ఒక పట్టాన ఊడవు. అంత శ్రద్ధగా దిద్దాను మరి. దిలీప్ వెనకాలే వచ్చాడు.

"అది కంపెనీ ప్రాపర్టీ."

"పైన మూడూ ఉంచుకోండి," అన్నాను. "నాలుగోది మీ కంపెనీది కాదు."

గీకుతూనే ఉన్నాను. సెక్యూరిటీ వాడిది మా పక్క ఊరే, నా చెయ్యి పట్టుకోవడానికి రాలేదు.

ఇంట్లో నాన్న నన్ను ఏమీ అనలేదు. కొట్టినా బాగుండేది. అన్నం పెడితే తిన్నాడు, వల కుట్టుకున్నాడు, పడుకున్నాడు. అమ్మ మూడు రోజులు తిట్టి నాలుగో రోజు తలకి నూనె రాసింది. అన్న గుజరాత్ మాట ఎత్తడం మానేశాడు. నాన్న మాత్రం సాయంత్రాలు గుమ్మంలో కూర్చోవడం మానేసి పెరట్లో కూర్చునేవాడు. నేను పెరట్లోకి వెళ్తే లేచి గుమ్మంలోకి వచ్చేవాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఒక మనిషి ఇంత దూరంగా ఎలా ఉండగలడో అప్పుడు చూశాను.

మాఘం చివర్లో ఒక తెల్లవారుజామున అమ్మతో పాటు ఒడ్డుకి వెళ్లాను. తాబేళ్లు రాత్రి గుడ్లు పెట్టి వెళ్లిన గుర్తులు ఇసక మీద ఇంకా తడిగా ఉన్నాయి. తెప్ప తిరిగొచ్చింది, తాళ్లు ఒడ్డుకి వచ్చాయి. ఆ సీజనంతా రోజూ ఆ తాడు పక్కనే నిలబడ్డాను గానీ ఒక్కరోజు కూడా పట్టుకోలేదు. వాళ్ల ఫోన్లు పట్టుకున్నాను. అన్న నన్ను చూశాడు. ఒక మనిషి పట్టేంత పక్కకి జరిగాడు.

తాడు పట్టుకున్నాను. పావుగంటకే అరచేతులు కాలడం మొదలెట్టాయి. గంట గడిచేసరికి తోలు లేచింది. ఉప్పు తగిలి ప్రాణం లేచిపోతోంది. వదల్లేదు. ఎవరి మీద కోపమో అంతా తాడు మీదే పెట్టి వెనక్కి నడిచాను. దిలీప్ మీద, బొండాలు తాగుతూ పేషెంట్లని చూపించమన్నవాడి మీద, చెప్పుతో ఫోటో దిగినవాళ్ల మీద. నా మీద. వల సంచి ఒడ్డెక్కేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఆ రోజు సముద్రం మెండుగానే ఇచ్చింది. వెండి గుమ్మరించినట్టు కవళ్లు, మధ్య మధ్య నీలం చారల కానాగంతలు.

నాన్న వాటాలు పోశాడు. అన్నకి, అప్పలస్వామి మావకి, ఒక్కొక్కళ్లకీ వాళ్ల బుట్టల్లో పడేసుకుంటూ వరసగా వచ్చాడు. ఎవరితో ఏదో ఒక పరాచికం ఆడుతున్నాడు. నా ముందుకొచ్చి ఆగాడు. పరాచికం లేదు. నా చేతుల వైపు, తోలు లేచిన చోటు వైపు చూశాడు. వంగి, కుప్పలోంచి చేతి పొడుగు కానాగంతలు రెండు ఏరాడు. రెండు చేతులతోనూ పట్టుకుని నాకు అందించాడు.

"వండుకుంటారా అమ్మా?" అన్నాడు.

పుట్టి ఇరవై నాలుగేళ్లయింది. మా నాన్న నన్ను ఏనాడూ 'మీరు' అనలేదు.